ముత్తయ్య ఊరికి మామిడి గంప

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లు మామూలుగా రాముడి గురించీ గోదావరి గురించీ రాస్తారు. దర్శనం బాగా జరిగిందంటారు, నీళ్లు చల్లగా ఉన్నాయంటారు. నేనూ అలాగే రాద్దామని కూర్చున్నాను. కానీ కలం పట్టుకున్నప్పుడల్లా ఒక మామిడిపండ్ల గంపే గుర్తొస్తోంది. కాబట్టి ఆ గంప గురించే రాస్తాను. పుణ్యం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు నేనెవరో చెప్పాలి. ఇరవై ఏళ్లకు పైగా కొత్తగూడెంలో ఒక బొగ్గు బాయి మీద లాంపు రూంలో పనిచేశాను. కిందికి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా పని. నా చొక్కాకు ఏనాడూ బొగ్గు అంటలేదు. కిందికి దిగి తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని బొగ్గు టబ్బులు నింపినవాడు ముత్తయ్య. ములకలపల్లి అవతల అడవిలో ఉన్న కోయ ఊరు అతనిది. ఆ ఊరి పేరు రాయను. నేను చేసిన పనికి ఆ ఊరు అచ్చులోకి ఎక్కడం న్యాయం కాదు.

షిఫ్టు మారే వేళ లాంపు రూం గుమ్మం పక్కన సిమెంటు అరుగు మీద సుద్దతో గీసుకుని పులి-మేక ఆడేవాళ్లం. మూడు బొగ్గు ముక్కలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పద్దెనిమిదేళ్లు ఆడాం. పులులు ఎప్పుడూ నావే. ఎందుకని అతనూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఖమ్మం

బాయి మీద మనుషులు ఎక్కువయ్యారని కంపెనీ కొంత సొమ్మిచ్చి ఇంటికి పొమ్మన్నప్పుడు నేనూ ముత్తయ్యా ఒకే నెలలో సంతకం పెట్టాం. అతను ఊరికి పోయాడు. నేను ఖమ్మంలో ఇల్లు కట్టాను. గృహప్రవేశానికి పిలిస్తే ముత్తయ్య గుడ్డలో చుట్టిన చెక్క ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. జిట్రేగు చెక్క మీద ఉలితో పులి-మేక గీతలు చెక్కాడు. రెండు వారాలు పట్టిందన్నాడు. "ఇగ సుద్దముక్క అక్కర్లేదన్నా" అన్నాడు.

ఆ రోజు భోజనాల వేళ మా పెద్ద బావమరిది నా చెవిలో, "మీ గని స్నేహితుణ్ణి పెరట్లో కూర్చోబెట్టాను, మేస్త్రీలతో పాటు. చుట్టాలు ఏమన్నా అనుకుంటారు" అన్నాడు. నేను తల ఊపాను. అవును, ఊపాను. అది ఇక్కడ రాయకపోతే ఈ ప్రయాణం రాయడం దండగ. తరవాత పాయసం బకెట్టు నేనే పట్టుకుని పెరట్లోకి వెళ్లి, సిమెంటు తొట్టి పక్కన కూర్చున్న ముత్తయ్య విస్తట్లో నా చేత్తో రెండుసార్లు వడ్డించాను. ఇంటి యజమానినై ఉండి నేనే స్వయంగా వడ్డించాను కదా అని నా మనసుకు నేను సర్ది చెప్పుకున్నాను. అతను తిని, చెయ్యి కడుక్కుని, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ తరవాత అయిదేళ్లు మాటా లేదు, మంచీ లేదు.

ఆ చెక్క సంగతంటారా? ఎత్తు సరిపోయిందని మా ఇంట్లో నీళ్ల ఫిల్టరు కింద పెట్టారు. అయిదేళ్లూ అక్కడే ఉంది.

ఈ వేసవిలో మా అబ్బాయి పెళ్లి కుదిరింది. మొదటి కార్డు భద్రాద్రి రాముడి పాదాల దగ్గర పెట్టి రమ్మంది నా భార్య సుగుణ. సరేనన్నాను. రెండో కార్డు ఎవరికో ఆమెకు చెప్పలేదు. ఫిల్టరు పక్కకు జరిపి చెక్క తీశాను. గుండ్రంగా తెల్లటి మరక పడి ఉంది. కిరోసిన్ పెట్టి రుద్దాను, కొబ్బరినూనె రాశాను, చింతపండు కూడా పెట్టాను. అది పోయే రకం కాదు. అలాగే సంచిలో పెట్టుకున్నాను.

మార్కెట్లో అప్పుడే దిగిన బంగినపల్లి పండ్లు గంపెడు కొన్నాను. ధర చెబితే మీరు నన్ను వెర్రివాడంటారు. "మొదటి కోత సార్, ఊళ్లో ఇంకెవరి నోట్లోనూ పడలేదు" అని అమ్మేవాడు మురిపించాడు. అదే నాకు నచ్చింది. మొదటి కోత ముత్తయ్యకు ఇస్తున్నానని మురిసిపోయాను. బస్సులో కండక్టరు గంపకు కూడా టికెట్టు కొట్టాడు. గంప కూర్చుందా, నిలబడిందా అని వాదించాను. వెనక సీటాయన, "ఇచ్చెయ్ పెద్దాయనా, ఎండ మండిపోతంది" అన్నాడు. ఇచ్చేశాను.

కొత్తగూడెం

ఊరు మీదుగా పోతూ మా బాయి చూడకుండా ఉండలేకపోయాను. గేటుకు తాళం. లాంపు రూం కిటికీ అద్దాలు ఎవరో పగలగొట్టారు. సిమెంటు అరుగు మాత్రం అలాగే ఉంది. ఎదురుగా ఛాయ్ హోటలు నడిపే రాజవ్వ నన్ను చూడగానే గుర్తుపట్టింది. కరీంనగర్ దిక్కు నుంచి భర్తతో వచ్చి, భర్త పోయాక ఇక్కడే ఉండిపోయిన మనిషి.

"ఏందన్నా, గిన్నేండ్లకు యాదికొచ్చినమా? నువ్వు లాంపు రూమన్నవు గదా!" అంది.

"నేనే రాజవ్వా. బాయి మూసేశారా?"

"బందు పెట్టిన్రు. ఇగ అన్ని ఓపెన్ కాస్టులేనంట. మట్టి తోడేటి మిషన్లకు ఛాయ్ అక్కర్లే గదా, నా గిరాకి గూడ బందైతది." గ్లాసు నా ముందు పెట్టి, "నీ జోడీ ఏడున్నడు?" అంది.

"ముత్తయ్యా? అతని దగ్గరికే పోతున్నాను."

"గట్లనా! పోయినేడు వచ్చిండు, పింఛన్ కాయితాల పని మీద. గా అరుగు మీద శానసేపు కూసున్నడు. పిలిస్తె వచ్చి ఛాయ్ తాగిండు. నీ ముచ్చట తియ్యలే. నేనే అడిగిన, లాంపు రూమన్న మంచిగున్నడా అని. 'ఇల్లు కట్టిండు' అన్నడు. గంతే."

ఇల్లు కట్టిండు. అయిదేళ్లకు నా గురించి చెప్పడానికి అతని దగ్గర మిగిలిన మాట అదొక్కటే. ఛాయ్ సగంలోనే వదిలేసి రెండు రూపాయలు బల్ల మీద పెట్టాను.

"మీరిద్దరు ఒక్క డబ్బల తినేటోళ్లు" అని రాజవ్వ పక్కనున్నవాళ్లకు చెబుతోంది. అది నిజమే. మా ఇంటి నుంచి వచ్చిన డబ్బాలో సగం ముత్తయ్యదే. ఎండాకాలం మొదట్లో మాత్రం మామిడికాయ పప్పు ఉన్నరోజు ముట్టేవాడు కాదు. "ఇప్పుడొద్దన్నా" అనేవాడు. కొన్ని వారాలకు రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లొచ్చి, ఆ తరవాత నా వాటా కూడా తినేవాడు. "ముత్తయ్యకు మామిడికాయతో గజ్జి లేస్తుందిరోయ్, మందు తెచ్చుకోవడానికి ఊరెళ్తాడు" అని నేను షిఫ్టు మొత్తానికి వినపడేలా అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఏటా అదే హాస్యం, ఏటా అదే నవ్వు.

భద్రాచలం

రాముడి దగ్గర రద్దీ లేదు. నవమి కల్యాణం జనం ఎప్పుడో వెళ్లిపోయారు. గోదావరి బాగా లోపలికి జరిగి, స్నానానికి ఇసుకలో చాలాదూరం నడవాల్సి వచ్చింది. అరికాళ్లు కాలిపోయాయి. పూజారి గారు కార్డు పాదాల దగ్గర పెట్టి, అబ్బాయి గోత్రం అడిగి, అక్షింతలు వేశారు. నేను చేతులు జోడించి, "తండ్రీ, ముత్తయ్య మనసు మెత్తబడేట్టు చూడు" అని మొక్కుకున్నాను. తప్పు చేసింది నేను, మారాల్సింది అతని మనసట! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

సత్రంలో నా పక్క మంచం ఎర్రుపాలెం రైతుది. పెద్దమనిషి, నుదుట నామం, ఒళ్లో లావుపాటి నోటు పుస్తకం. రామనామం రాస్తున్నాడు. పన్నెండేళ్లుగా రాస్తున్నాడట. నీలం సిరా తప్ప వాడడట, గీత దాటి అక్షరం పోనివ్వడట. ఆ రాత చూస్తే నిజంగానే ముచ్చటేసింది.

"ఇంట్లో వాళ్లు కూడా రాస్తారా?" అన్నాను.

"మా తమ్ముడు కూడా రాసేవాడండీ. ఇప్పుడు మాకు మాటల్లేవులెండి. పొలం గట్టు కాడ తేడా వచ్చింది. తొమ్మిదేళ్లయింది."

"ఒకసారి వెళ్లి పలకరించకపోయారా?"

"నేనెందుకండీ వెళ్లడం? వాడొచ్చి తప్పయిందంటే మాట్లాడతాను" అని మళ్లీ గీత మీద అక్షరం పెట్టాడు.

లోపల నవ్వుకున్నాను. నేను నయం కదా, కనీసం బయల్దేరాను అనుకున్నాను. నా అంత నయమైనవాడు ఆ సత్రంలో ఇంకొకడు లేడన్నంత హాయిగా పడుకున్నాను.

అడ్డంగా వేసిన దుంగ

మర్నాడు ములకలపల్లి దాటాక జీపు అడవిలో పడింది. ఇప్పపూల వాసన జీపులోకి కొడుతోంది. ఒక ఊరి ముందు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి పదిహేనుమంది ఆడవాళ్లు చేతులు పట్టుకుని పాడుతున్నారు. వాళ్ల ఊళ్లో పండుగట. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డు కాస్తారట. దారిన పోయే బండి ఏదైనా సరే, ఏదో ఒకటి ఇచ్చుకుంటే గానీ దుంగ లేవదు. మా ఖమ్మంలో ఎవరైనా రోడ్డు ఆపితే పోలీసులు రావాలి. ఇక్కడ డ్రైవరు ఇంజను ఆపి, దిగి, వాళ్లతో పాటు రెండు అడుగులు వేసొచ్చాడు.

ఒకామె నా ఒళ్లో ఉన్న గంప మీద గుడ్డ ఎత్తి చూసింది. వెంటనే చేయి వెనక్కి తీసుకుంది.

"ఏ ఊరికి తాతా?" అంది. చెప్పాను.

"గా ఊళ్లె ఇంక కాలే గదా."

"కాకపోతే ఏముందిలేమ్మా" అని దర్జాగా పది రూపాయలు ఆమె చేతిలో పెట్టాను. ఏం కాలేదో అడగలేదు. ఆమె డ్రైవరుతో వాళ్ల భాషలో ఏదో అంది. అతను నావైపు ఒకసారి చూసి బండి తీశాడు. అడవి మనుషులు మొహమాటస్తులని, పండు ఇస్తానంటే సిగ్గుపడిందని అనుకున్నాను.

ముత్తయ్య ఇల్లు

ఊళ్లో అలికిడి లేదు. బీడీలు చుట్టే తునికాకు కాలం, తెల్లవారకముందే అందరూ ఆకు కోతకు పోతారు. ముత్తయ్య ఇల్లు చూపించిన ముసలాయన కూడా కర్ర పట్టుకుని అడవిలోకే పోయాడు. మట్టి గోడలు, ఎర్రమన్ను పూసిన అరుగు, చుట్టూ వెదురు దడి. మా ఇంట్లో గ్రానైటు మీద కూడా అంత శుభ్రం లేదు. అరుగు మీద ముత్తయ్య తల్లి కూర్చుని ఇప్పపూలు ఏరుతోంది. పలకరించాను. చెవులు వినపడవు, తెలుగు అంతంత మాత్రం. లోపలికి వెళ్లమన్నట్టు చెయ్యి చూపింది.

లోపల ఒక మూల అలికి, ముగ్గు పెట్టి ఉంది. చిన్న గూడు, పసుపు, కుంకుమ. వాళ్ల వేల్పుల చోటు అని అర్థమైంది. దేవుడి ముందు పెట్టడం కంటే మర్యాద ఏముంటుందని గంప తీసుకెళ్లి అక్కడే పెట్టాను. భద్రాచలం నుంచి తెచ్చిన లడ్డూ ప్రసాదం కూడా దాని పక్కనే పెట్టాను. ఆకలేసింది. గంపలోంచి ఒక పండు తీసి, అరుగు అంచున కూర్చుని, రసం మోచేతుల దాకా కారుతుండగా తిని, టెంక వాకిట్లో పడేశాను.

ముసలామె చేతిలో పూలు జారిపోయాయి. కేక పెట్టింది. ఆమెకూ కావాలేమో అనుకుని ఇంకో పండు తెచ్చి చేతికి ఇవ్వబోయాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, దడి పట్టుకుని, ఏదో అరుస్తూ వీధిలోకి పోయింది. చేతిలో పండుతో నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముత్తయ్య వచ్చాడు. నెత్తిన ఆకు మూట, వెనక అతని భార్య సమ్మక్క. మనిషి సన్నబడ్డాడు, జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి ఆగాడు. "బాగున్నరా సారూ" అన్నాడు. పద్దెనిమిదేళ్లు 'అన్నా', 'నువ్వు' అని పిలిచినవాడు 'సారూ' అంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. జవాబు చెప్పేలోపే వాకిట్లో టెంక చూశాడు. మూట దింపాడు.

"లోపట గూడ పెట్టిన్రా?"

"గంపంతా నీకే ముత్తయ్యా. దేవుడి దగ్గర పెట్టాను."

సమ్మక్క గడప దగ్గరే ఆగిపోయింది, లోపలికి అడుగు పెట్టలేదు. ముత్తయ్య అరుగు మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

"మా ఊళ్లె కొత్త మామిడి ఇంక కాలే" అన్నాడు. "టెంక ముదరాలె. పెద్దలు దినం జూస్తరు. ముందుగాల వేల్పులకు పెట్టి, పెద్దలకు పెట్టి, అటెనుక మేం తింటం. గప్పటిదాంక ఊళ్లె ఎవ్వలు ముట్టరు. ఇంట్లకు రానియ్యరు. ఈ ఏడు మొదటి కాయ పెట్టేటి వంతు మా ఇంటిది. మా అవ్వ శాన ఏండ్ల సంది ఎదురుజూస్తున్నది."

"నాకు తెలియదు ముత్తయ్యా."

"అవ్. ఎరుక లేదు. అడగలే గదా."

అప్పుడు తెలిసింది. లాంపు రూం అరుగు, మామిడికాయ పప్పు, "ఇప్పుడొద్దన్నా" అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏటా ఆ రెండు రోజుల సెలవు ఈ పండుగకే. ఎందుకు తినవు అని పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అడగలేదు. నవ్వించాను.

తునికాకు కల్లం

మధ్యాహ్నం ఆకు కట్టలు ఆరబోసే కల్లం దగ్గర ఊరు చేరింది. తప్పు జరిగితే అక్కడే కూర్చుంటారట. ఊరి పెద్ద బుచ్చయ్య, పెద్ద వయసు మనిషి, ఆకు కట్టకు నార ముడి వేస్తూనే వింటున్నాడు. ముత్తయ్య తల్లి అన్నీ చెప్పింది. బుచ్చయ్య నా వైపు చూసి, నాకు తెలియాలని తెలుగులో అడిగాడు.

"కొత్త కాకముందు పండు వేల్పుల కాడికి పోయింది. తప్పు ఎవలది?"

లేచి నిలబడి నాదే అనాలి. నాలుగు అక్షరాలు కూడా లేవు. ఊరంతా చూస్తోంది. జరిమానా వేస్తారేమో, కొడతారేమో, సాయంత్రం జీపు వెళ్లిపోతుందేమో, ఇలాంటివే తిరిగాయి బుర్రలో. అరవయ్యో పడిలో పడిన మనిషిని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: అక్కడ కూడా నేను తల దించుకునే కూర్చున్నాను.

ముత్తయ్య లేచాడు.

"తప్పు నాదే. ఈయన మా అన్న. మన పద్ధతి ఎరుక లేదు. పద్దెనిమిదేండ్లు ఒక్క డబ్బల తిన్నం, చెప్పకపోవుడు నాదే."

బుచ్చయ్య చేతిలో ఉన్న కట్ట ముడి బిగించి పక్కన పెట్టాడు. తరవాత తీర్పు చెప్పాడు. ముత్తయ్య ఊరికి ఒక కోడి ఇవ్వాలి. ఇల్లంతా కడిగి అలకాలి. గంప తెచ్చినవాడే దాన్ని పొలిమేర దాటించాలి, ఒక్క పండు కూడా ఇక్కడ పడకూడదు. పండు తిన్న మనిషి ఇంట్లోకి రాకూడదు, నలుగురి బంతిలో కూర్చోకూడదు. చివరి మాట మెల్లగా అన్నాడు: "మొదటి కాయ వంతు ఈ ఏడు పక్కింటోళ్లకు పోతది."

ముసలామెకు కోడలు చెవిలో చెప్పింది. ఆమె ఏడవలేదు. ఒళ్లో ఉన్న ఆకులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

రెండు విస్తళ్లు

నన్ను దడి బయట పందిరి కింద మంచం మీద కూర్చోబెట్టారు. గంప నా పక్కనే. లోపల సమ్మక్క ఇల్లు కడుగుతున్న నీళ్లు గడప దాటి వాకిట్లోకి పారుతున్నాయి. ఇంకా వెలుగుండగానే ముత్తయ్య అన్నం తెచ్చాడు. నాకు విస్తరి వేసి వెళ్లిపోతాడనుకున్నాను. నేనైతే అంతే కదా చేసింది.

రెండు విస్తళ్లు తెచ్చాడు. ఒకటి నా ముందు పరిచి, రెండోది దాని ఎదురుగా నేల మీద పరిచి కూర్చున్నాడు. నేను మంచం దిగాను. జొన్న గటక, చింతచిగురులో వండిన ఎండు చేప. వీధిలో పోయేవాళ్లు చూసి పోతున్నారు. అతను ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు.

"ముత్తయ్యా, ఆ రోజు మా ఇంట్లో..." అన్నాను.

"యాదికున్నది."

"తప్పు చేశాను."

"రెండుసార్లు పాయసం ఏసినవ్. నీ చెయ్యి వణికింది." ఇప్పుడు సారూ లేదు. "వణికిన చెయ్యి జూసి అనుకున్న, ఇగ కూసుంటడు అని. కొద్దిగ జరిగి జాగ గూడ ఇచ్చిన. నువ్వు బకీటు పట్టుకొని లోపటికి పోయినవ్."

అతను జరిగిన సంగతి నేను చూడలేదు. చూసి ఉంటే కూర్చునేవాణ్ణా? కూర్చునేవాణ్ణని మీకు చెప్పగలను. నాకు నేను చెప్పుకోలేను.

కార్డు ఇచ్చాను. చేయి కడుక్కుని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "పిల్లగాడు సల్లగుండాలె" అన్నాడు. "పెండ్లికి మాత్రం రాను."

"ఎందుకు? ఈసారి నేను..."

"నన్ను కూసోబెట్టినకాడ నువ్వు కూసోవన్నా. నువ్వెప్పుడొచ్చినా ఈడ బువ్వ ఉంటది. నన్ను మాత్రం పిలవకు."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలేవాణ్ణి. ఆఖరి ప్రయత్నంగా సంచిలోంచి చెక్క తీశాను. అతను దాన్ని వెలుగుకు తిప్పి, గుండ్రటి మరక చుట్టూ వేలు తిప్పాడు.

"దీని మీద ఏం పెట్టిన్రు?"

"నీళ్ల ఫిల్టరు."

"మంచిగ ఆగిందా?"

"ఆగింది."

"జిట్రేగు గదా. ఆగుతది." చెక్క నా ఒళ్లో పెట్టాడు.

"ఒక్క ఆట ఆడదాం ముత్తయ్యా. పులులు నువ్వు తీసుకో."

"గింజలు లెవ్వన్నా" అన్నాడు.

పందిరి గుంజ పక్కన చాట నిండా చింతగింజలు ఎండుతున్నాయి. అతను వాటిని చూశాడు. నేనూ చూశాను. కాసేపటికి అతను రెండు విస్తళ్లూ కలిపి మడిచి తీసుకెళ్లాడు.

తిరుగు బస్సు

తెల్లవారి గంప నెత్తిన పెట్టుకుని పొలిమేర దాటాను. ముత్తయ్య ఆకుకు పోతూ దారిదాకా వచ్చాడు. "జల్దీ పో, ఎండెక్కుతది" అన్నాడు. అంతే. ఒక్క పండు కూడా అక్కడ పడకూడదన్న మాట గుర్తుపెట్టుకుని ఖమ్మం దాకా మోసుకొచ్చాను. ఎండకు పండ్లు మెత్తబడి బస్సంతా వాసన. "ఎక్కడివి పెద్దాయనా, బాగున్నయి" అని ముగ్గురు అడిగారు. ఒక్కటీ ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చేసరికి సుగుణ ప్రసాదం అడిగింది. మర్చిపోయానన్నాను. భద్రాచలం పోయి మామిడిపండ్లు తెచ్చిన మనిషిని మిమ్మల్నే చూశానని నవ్వి, మధ్యాహ్నం నాలుగు పండ్లు కోసి పళ్లెంలో నా ముందు పెట్టింది. ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"తినరేం? పులుపా?" అంది.

"ముత్తయ్యవాళ్ల ఊళ్లో ఇంకా కొత్త కాలేదు" అన్నాను.

సుగుణ నా వైపు అయోమయంగా చూసింది. పద్దెనిమిదేళ్లు ఆమె వండిన డబ్బాలో సగం తిన్న మనిషి ముత్తయ్య. ఆమె ఫిల్టరు అయిదేళ్లు నిలబడింది అతని చెక్క మీదే. మా ఇంట్లో మాత్రం అతనికి 'ఆ గని మనిషి' అన్నదే పేరు.

"ఏ ముత్తయ్య?" అని అడిగింది.